హట్జెరిమ్ కిబుట్జ్: ఒకే ఖజానా మీద ఊరు ఎలా బతికింది

మీరు అడిగింది క్లుప్తంగా ఇది: ఇజ్రాయెల్ కిబుట్జ్‌లో, అంటే ఆస్తీ సంపాదనా ఉమ్మడిగా ఉండే ఊళ్లో, అందరికీ ఒకే రాబడి అంటారు, మరి అలాంటి ఊళ్లోంచి నెటాఫిమ్ లాంటి డ్రిప్ కంపెనీ ఎలా పుట్టింది? ఆస్తి ఎవరి పేరున ఉంటుంది? డబ్బు వచ్చాక ఊరు చీలిపోలేదా? మీ రైతు ఉత్పత్తిదారుల సంఘం, అంటే ఎఫ్‌పీఓ, దీని నుంచి ఏం తీసుకోవచ్చు? నాలుగింటికీ హట్జెరిమ్ అనే ఒక్క ఊరిని పట్టుకునే జవాబు చెప్పొచ్చు. నెటాఫిమ్ పుట్టింది అక్కడే. మిగతా కిబుట్జ్‌లు చాలావరకు జీతాల పద్ధతికి మారిపోయినా ఇది ఇంకా ఒకే ఖజానా మీద నడుస్తోంది.

ముందు ఆస్తి సంగతి, ఎందుకంటే ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. హట్జెరిమ్‌లో ఏ సభ్యుడి పేరునా సెంటు భూమి లేదు. భూమి రాజ్యానిది, ఊరు దాన్ని దీర్ఘకాలపు లీజుకు తీసుకుని సాగు చేస్తుంది. ట్రాక్టర్లు, షెడ్లు, ఫ్యాక్టరీ వాటా, బ్యాంకు ఖాతా అన్నీ సహకార సంఘం పేరున ఉంటాయి. కిబుట్జ్ అంటే చట్టం దృష్టిలో ఒక రిజిస్టర్డ్ సహకార సంఘమే. దానికి ఆధారం 1933లో, అప్పట్లో పాలస్తీనాను పాలించిన బ్రిటిష్ మాండేట్ ప్రభుత్వం తెచ్చిన సహకార సంఘాల ఆర్డినెన్సు. ఆ రోజుల్లో పాలస్తీనాలో సహకార సంఘాల మీద నివేదిక ఇవ్వడానికి 1930లో వెళ్లిన అధికారి స్ట్రిక్లాండ్ అంతకుముందు మన దేశంలోనే, పంజాబ్‌లో సహకార సంఘాల రిజిస్ట్రార్‌గా పనిచేసినవాడు. కాబట్టి కాగితం మీద చూస్తే కిబుట్జ్ మన సహకార సొసైటీకి దూరపు చుట్టమే. లోపల నడిచే తీరు మాత్రం పూర్తిగా వేరు. మన సొసైటీ ఎరువులు, అప్పులు, అమ్మకాలు చూస్తుంది, కుటుంబం జోలికి రాదు. కిబుట్జ్ ఉత్పత్తినీ కుటుంబ ఖర్చునీ ఒకే పద్దులో రాస్తుంది. సభ్యుడు బయట డాక్టరుగా పనిచేసినా జీతం నేరుగా ఊరి ఖాతాలో పడుతుంది. ఊరు అతనికి ఇల్లు, వైద్యం, పిల్లల చదువు చూసి, పైన చేతి ఖర్చుకు ఏడాది బడ్జెట్ ఇస్తుంది. ఆ బడ్జెట్ లెక్క కుటుంబంలో ఎంతమంది ఉన్నారన్నదాన్ని బట్టే. డెయిరీలో పనిచేసినా, ఫ్యాక్టరీకి మేనేజరైనా అంతే వస్తుంది.

ఈ పద్ధతి మొదలైంది 1910లో, గలిలీ సరస్సు ఒడ్డున డెగానియాలో, పది మంది మగవాళ్లు, ఇద్దరు ఆడవాళ్లతో. హట్జెరిమ్ దానికంటే 36 ఏళ్లు చిన్నది. 1946 అక్టోబర్ 5 రాత్రి, యూదుల యోమ్ కిప్పుర్ ఉపవాసం ముగిసిన వెంటనే, దక్షిణాన నెగెవ్ ఎడారిలో ఒక్క రాత్రిలో 11 చోట్ల ఊళ్లు దిగాయి. వాటిలో ఇదొకటి, బీర్‌షెబాకు పడమరగా ఎనిమిది కిలోమీటర్ల దూరంలో. ఒక్క రాత్రిలోనే ఎందుకంటే, ఆ ఏడాది జులైలో బ్రిటిష్, అమెరికన్ అధికారులు వేసిన మోరిసన్–గ్రేడీ పథకం నెగెవ్‌ను యూదుల ప్రాంతంలో కలపలేదు. అక్కడ ఊళ్లుంటే పటం మారుతుందన్నది లెక్క. ఇది వ్యవసాయం కోసం చేసిన ఎంపిక కాదు, రాజకీయ ఎంపిక. ఆ నేల మీద అప్పటికే బెదూయిన్ అనే అరబ్ తెగలు పశువులు మేపుతూ, వానల మీద బార్లీ వేసుకుంటూ బతికేవి. 1948 యుద్ధంతో వాళ్లలో అత్యధికులు నెగెవ్ విడిచి పోవాల్సి వచ్చింది. మిగిలినవాళ్లలో చాలామందిని బీర్‌షెబా తూర్పున ఒక పరిధిలోకి చేర్చారు. ఈ ముక్క వదిలేసి కిబుట్జ్ చరిత్ర చెబితే సగమే చెప్పినట్టు.

హట్జెరిమ్ మొదటి సభ్యుల్లో రెండు గుంపులున్నాయి. ఒకటి స్కౌట్ ఉద్యమం నుంచి వచ్చిన స్థానిక యువత. రెండోది "టెహ్రాన్ పిల్లలు". రెండో ప్రపంచ యుద్ధంలో పోలండ్ నుంచి సోవియట్ భూభాగం మీదుగా ఇరాన్ చేరిన వందలాది యూదు పిల్లలకు ఆ పేరు వచ్చింది, వాళ్లలో అనాథలు చాలామంది. 1943 మొదట్లో వాళ్లను ఇరాన్ నుంచి ఓడలో కరాచీకి, అక్కడినుంచి సూయజ్‌కి తీసుకెళ్లి, రైలులో పాలస్తీనా చేర్చారు. తల్లిదండ్రులు లేని పిల్లలు పెద్దయి కట్టుకున్న ఊళ్లో భోజనశాల, పిల్లల ఇల్లు, పండగ అన్నీ ఉమ్మడిగా ఉండటంలో ఆశ్చర్యం లేదు.

ఇక భూమి. బీర్‌షెబా దగ్గర ఏడాది వాన సుమారు 200 మిల్లీమీటర్లు. అనంతపురంలో పడేదాంట్లో సగం కూడా కాదు, పైగా అదంతా చలికాలంలోనే. 1947లో నెగెవ్ ఊళ్లకు నీళ్లు తెచ్చిన మొదటి పైపులైను ఆరు అంగుళాల పైపులతో వేశారు. యుద్ధకాలంలో లండన్‌లో బాంబు మంటలు ఆర్పడానికి వాడిన పైపులే కొని తెచ్చారు. ఆ లైను ప్రణాళిక వేసిన ఇంజినీరు సిమ్‌హా బ్లాస్. ఈ పేరు గుర్తుంచుకోండి, మళ్లీ వస్తుంది. నీళ్లు వచ్చినా హట్జెరిమ్ నేల సహకరించలేదు. చౌడు. మన రైతులు పాల చౌడు, కారు చౌడు అని రెండుగా చెబుతారు కదా, తేడా ఇక్కడ ముఖ్యం. పాల చౌడులో ఉప్పు పైకి తెల్లగా తేలుతుంది, మంచినీళ్లు నిలబెట్టి కిందికి కడిగేస్తే చాలావరకు పోతుంది. కారు చౌడులో సోడియం మట్టి రేణువుకే అంటుకుని ఉంటుంది. నీళ్లు పెడితే మట్టి పేస్టులా మూసుకుపోయి నీరు దిగదు, అందుకే ముందు జిప్సం వేసి సోడియాన్ని కాల్షియంతో తోసేసి, తర్వాతే కడగాలి. ఎడారిలో ఉప్పు కడగడానికి నీళ్లు ఖర్చు పెట్టడం అంటే పంటకు పెట్టాల్సిన నీళ్లే పెట్టడం. 1959లో ఊరు ఖాళీ చేసి వేరే చోటికి పోదామా అన్న ప్రశ్న సర్వసభ్య సమావేశంలో ఓటు దాకా వచ్చింది. ఉండాలనే తేలింది.

ఆ ఓటు తర్వాత మిగిలిన ప్రశ్న ఒక్కటే: వ్యవసాయం ఒక్కదాంతో ఊరు నిలవదు, మరి ఏ పరిశ్రమ పెట్టాలి? పట్నానికి దూరం, నీటికి కోటా, వయసు పైబడుతున్న సభ్యులకు పొలం పని కష్టం. ఇక్కడ కిబుట్జ్ లెక్కల పద్ధతి ఒకటి తెలియాలి. కిబుట్జ్‌లో జీతాలుండవు కాబట్టి మామూలు జమాఖర్చులో కూలి సున్నాగా కనిపిస్తుంది, దాంతో ప్రతి శాఖా లాభంలో ఉన్నట్టే ఉంటుంది. ఈ బోల్తా పడకుండా వాళ్లు ఒక్కో శాఖ ఒక్కో పనిదినానికి ఎంత మిగిల్చిందో లెక్కిస్తారు. ఊరికే ఉదాహరణకు: కూరగాయల శాఖ 3,000 పనిదినాలు తీసుకుని 6 లక్షలు మిగిల్చితే దినానికి 200. ఇంకో శాఖ 800 దినాల్లో 4 లక్షలు మిగిల్చితే దినానికి 500. మొత్తం చూస్తే మొదటిది పెద్దది, కానీ ఊరికి చేతులు తక్కువ కాబట్టి మనుషుల్ని రెండోదానికి మళ్లించాలి. మన ఇళ్లలో సొంత చాకిరీ లెక్కలోకి రాక పాడి లాభంగా కనిపిస్తుంది చూడండి, అదే జబ్బుకు ఇది మందు. కొద్దిమంది మనుషులతో, తక్కువ నీటితో, దినానికి ఎక్కువ మిగిల్చే వస్తువు కావాలి. ఆ వెతుకులాటలో బ్లాస్ తగిలాడు.

బ్లాస్ 1950ల చివరికి ప్రభుత్వ పదవులు వదిలేసి, చాలా ఏళ్ల కిందట చూసిన ఒక విషయాన్ని తవ్వుతున్నాడు. పైపు లీకేజీ పక్కన ఒక చెట్టు మాత్రమే చుట్టుపక్కల వాటికంటే బాగా ఎదిగింది. బొట్టు బొట్టుగా నీళ్లివ్వాలన్న ఆలోచన అతనికంటే ముందే ఉంది, చిక్కంతా రంధ్రంలోనే. గంటకు రెండు లీటర్లే రావాలంటే రంధ్రం సన్నగా ఉండాలి, సన్నగా ఉంటే ఇసుక రేణువుతో మూసుకుపోతుంది. బ్లాస్ దారి వేరు. రంధ్రాన్ని పెద్దగానే ఉంచి, నీరు పోయే దారిని పొడుగు చేశాడు. ప్లాస్టిక్ గొట్టం మీద మరలాగా చుట్టిన సన్నటి కాలువలో నీరు తిరిగి తిరిగి, రాపిడికి ఒత్తిడి పోగొట్టుకుని, చివర బొట్టుగా రాలుతుంది. ప్లాస్టిక్ చవగ్గా దొరకడం మొదలైంది కాబట్టే ఇది సాధ్యమైంది. 1965 ఆగస్టు 10న హట్జెరిమ్‌తో ఒప్పందం కుదిరింది: 80 శాతం ఊరికి, 20 శాతం బ్లాస్‌కి, ఆయన కొడుకుకి. 1966లో తయారీ మొదలైంది. హీబ్రూలో నెటాఫిమ్ అంటే చుక్కలు అని అర్థం.

ఆ మొదటి మర డ్రిప్పర్‌లో ఒక లోపముంది. మీ పొలంలోనూ పనికొస్తుంది కాబట్టి కాస్త ఆగి చెబుతాను. పొడుగు నునుపు కాలువలో నీరు నిదానంగా, పొరలు పొరలుగా పారుతుంది. అలా పారినప్పుడు ఒత్తిడి 20 శాతం తగ్గితే నీరూ దాదాపు 20 శాతం తగ్గుతుంది. అంతేకాదు, నీటి చిక్కదనం మీద కూడా ఆధారపడుతుంది, అంటే మధ్యాహ్నం ఎండకు నల్ల పైపులో నీరు కాగితే తెల్లవారుజామున కంటే ఎక్కువ కారుతుంది. తర్వాత వచ్చిన డ్రిప్పర్లలో నీరు పళ్లు పళ్లుగా ఉన్న వంకర దారిలో సుడులు తిరుగుతూ పోతుంది. సుడిలో ప్రవాహం ఒత్తిడికి వర్గమూలంగా మారుతుంది, ఒత్తిడి 20 శాతం తగ్గితే నీరు 10 శాతమే తగ్గుతుంది, వేడి ప్రభావమూ చాలా తక్కువ. పైగా సుడి మట్టిని నిలవనివ్వదు. ఎత్తుపల్లాలున్న నేలకు వాడే రకంలో లోపల సిలికాన్ పొర ఉంటుంది. ఒత్తిడి పెరిగితే అది వంగి దారిని ఇరుకు చేస్తుంది, కాబట్టి గుట్ట మీదా పల్లంలోనూ ఒకే లెక్కన బొట్టు పడుతుంది. పల్లాలున్న పొలానికి మామూలు రకం కొని, చివరి వరస ఎండిపోతోందని కంపెనీని తిట్టుకునేవాళ్లు మన దగ్గర ఎక్కువ. కొనేముందు నేల వాలు కొలిచి చూడటం ఖర్చులేని పని.

గంటకు 2 లీటర్ల డ్రిప్పర్లు, వరసకూ వరసకూ ఒకటిన్నర మీటరు, వరసలో అర మీటరుకు ఒకటి అనుకోండి. ఒక్కో డ్రిప్పర్ వాటాకు 0.75 చదరపు మీటరు, అంటే గంటకు 2.67 మిల్లీమీటర్ల వాన. ఎకరానికి దాదాపు 5,400 డ్రిప్పర్లు, గంటకు 10,800 లీటర్లు. మీ బోరు గంటకు 8,000 లీటర్లే ఇస్తే ఎకరాన్ని ఒకేసారి తడపలేరు, రెండు భాగాలుగా వాల్వులు పెట్టాలి. ఫిల్టర్ 120 మెష్ దగ్గర ఉండాలి, అంటే సుమారు 130 మైక్రాన్లు. చెరువు నీరో, కాలువ నీరో అయితే నాచు పట్టుకోవడానికి ముందు ఇసుక ఫిల్టర్ తప్పనిసరి. ఫిల్టర్ ముందూ వెనకా గేజీల తేడా కొత్తలో ఎంత ఉందో రాసి పెట్టుకుని, అది అర బార్ దగ్గరకు పెరిగితే కడగాలి. బోరు నీటిలో సున్నం ఎక్కువైతే ఆమ్లంతో, నాచు ఎక్కువైతే క్లోరిన్‌తో లైన్లు శుభ్రం చేస్తారు. రెండిటినీ ఒకేసారి ఎప్పుడూ కలపొద్దు, విషవాయువు పుడుతుంది.

చౌడు భూమిలో డ్రిప్పు ఇంకో పని చేస్తుంది. తడి గోళం అంచులకు ఉప్పును నెట్టేస్తుంది, వేరు దగ్గర మంచి తడి ఉంటుంది. ఉప్పు నీటితోనూ పంట పండటానికి రహస్యం అదే, దక్షిణాన అరవా లోయలో తొలి ప్రయోగాలు ఫలించిందీ అందుకే. కానీ తొలి చిన్న వాన ప్రమాదం. అంచున పేరుకున్న ఉప్పు కరిగి మళ్లీ వేరు దగ్గరకు దిగుతుంది. ఆ వాన పడేటప్పుడు డ్రిప్పు ఆపకూడదు, నడుపుతూనే ఉండాలి. వాన పడుతుంటే మోటరెందుకు వేస్తున్నావని ఇంట్లో అడిగితే ఇదీ జవాబు.

ఇప్పుడు ఆదర్శం, లెక్క తగవు పడ్డ చోటికి వద్దాం. కిబుట్జ్ తొలి సూత్రం సొంత చాకిరీ: బయటి కూలీని పెట్టుకుని అతని శ్రమ మీద లాభం తీయకూడదు. 1970లలో డ్రిప్పుకు గిరాకీ లేచింది, హట్జెరిమ్ దగ్గర అంత మంది లేరు. మామూలు కంపెనీ అయితే వందల మందిని జీతానికి తీసుకునేది. హట్జెరిమ్ అలా చేయకుండా, తయారీని ఇంకో రెండు కిబుట్జ్‌లతో పంచుకుంది. 1970ల నడుమ హదెరా దిక్కున ఉన్న మగాల్, ఆ తర్వాత ఉత్తరాన గలిలీ కొండల్లోని యిఫ్తాహ్ వచ్చి చేరాయి. మూడు ఊళ్లలో మూడు ఫ్యాక్టరీలు, మూడు మేనేజ్‌మెంట్లు, మార్కెట్లు పంచుకున్నాయి. సూత్రం నిలబడింది, ఖర్చు మాత్రం పడింది: ఒకే యంత్రాలు మూడు చోట్ల కొనాల్సి వచ్చింది. 1998లో మూడూ కలిసి ఒకే కంపెనీ అయ్యాయి. సూత్రాన్ని అలా పట్టుకోవడం పొరపాటని నేను అనను. దానివల్లే లాభం ఒక్క ఊళ్లో ఇరుక్కోకుండా మూడు ఊళ్లను నిలబెట్టింది. కాకపోతే ఇరవై ఏళ్ల తర్వాత వచ్చే విలీనం కష్టాన్ని కూడా ముందే లెక్కలో వేసుకోవాలి.

మిగతా కిబుట్జ్‌లు ఎందుకు పడ్డాయో చూస్తే హట్జెరిమ్ ఎందుకు నిలిచిందో తెలుస్తుంది. 1984లో ఇజ్రాయెల్‌లో ధరలు ఏడాదికి 445 శాతం పెరిగాయి. అలాంటి కాలంలో అప్పు తెచ్చి షెడ్డు కట్టినవాడు తెలివైనవాడిలా కనిపిస్తాడు, ఎందుకంటే తీర్చే డబ్బు విలువ రోజురోజుకీ కరిగిపోతుంది. కిబుట్జ్‌లు అప్పు తెచ్చి కొత్త భోజనశాలలు, ఇళ్లు, ఫ్యాక్టరీలు కట్టాయి. 1985 జులైలో ప్రభుత్వం ధరల్ని గట్టిగా అదుపు చేసే పథకం పెట్టింది, మరుసటి ఏడాదికి ద్రవ్యోల్బణం 20 శాతం దగ్గరకు దిగింది. అప్పులు మాత్రం ధరల సూచీకి ముడిపడి ఉన్నాయి, పైన నిజ వడ్డీ, అంటే ధరల పెరుగుదల తీసేశాక మిగిలే వడ్డీ, ఆకాశానికి పోయింది. ఏడాదికి 15 శాతం నిజ వడ్డీ పడితే ఐదేళ్లలో అప్పు రెట్టింపు. దీనికి తోడు ఒకరి అప్పుకు ఇంకొకరు పూచీ ఉండే ఏర్పాటు ఉంది. కిబుట్జ్ ఉద్యమం, అంటే ఆ ఊళ్ల సమాఖ్య, ద్వారా బలమైన ఊళ్లు బలహీనమైన ఊళ్లకు హామీ పడ్డాయి. మంచి రోజుల్లో ఇది సోదరభావం, అందువల్లే బ్యాంకులు తక్కువ వడ్డీకి ఇచ్చాయి. చెడ్డ రోజుల్లో ఒక ఊరి దివాలా పక్క ఊరి పద్దులోకి పాకింది. 1989లో, మళ్లీ 1996లో ప్రభుత్వం, బ్యాంకులు, కిబుట్జ్ ఉద్యమాలు కూర్చుని అప్పుల ఒప్పందాలు రాసుకోవాల్సి వచ్చింది. కొంత రద్దు, కొంత వాయిదా, కొంత భూమి వదులుకోవడం.

ఆ అప్పుల తర్వాత యువత వెళ్లిపోయింది, ఊళ్లు ముసలివాళ్లవయ్యాయి. సభ్యులకు పింఛను నిధి లేదు, ఎందుకంటే పిల్లలే చూస్తారన్నది లెక్క. పిల్లలు వెళ్లిపోతే లెక్క తప్పింది. అందుకే 1990ల నుంచి చాలా కిబుట్జ్‌లు జీతాల్లో తేడా పెట్టాయి: ఎవరి సంపాదన వాళ్లది, అందులోంచి ఊరికి పన్ను, ఆ పన్నుతో ముసలివాళ్లకు, సంపాదన తక్కువవాళ్లకు కనీస భద్రత. 2005 నాటి నిబంధనలు ఈ కొత్త రకాన్ని చట్టంలో వేరే తరగతిగా గుర్తించాయి. ఇప్పుడున్న 270 చిల్లర కిబుట్జ్‌లలో పాత పద్ధతిలో ఒకే ఖజానా నడిపేవి 50 లోపే. వాటిలో చాలావరకు ఫ్యాక్టరీ బాగా సంపాదించే ఊళ్లే. గాజా సరిహద్దు దగ్గరి బెయెరి అలాంటిది, హట్జెరిమ్ దిగిన రాత్రే అదీ దిగింది. 2023 అక్టోబర్ 7 దాడిలో ఆ ఊరు వంద మంది దాకా తనవాళ్లను పోగొట్టుకుంది. అయినా దాని ముద్రణాలయం కొద్ది రోజుల్లోనే యంత్రాలు మళ్లీ తిప్పింది, ఎందుకంటే ఊరి రాబడికి మూలం అదే.

ఉమ్మడి వంటగది వల్ల వచ్చే చిక్కులు కూడా చెప్పాలి, వాటిని దాచి కిబుట్జ్‌ను పొగిడితే మీకు పనికిరాదు. కరెంటు ఉచితమైతే ఏసీ ఆపేవాడుండడు. భోజనశాలలో తిండి ఉచితమైతే ప్లేటులో మిగిలిపోతుంది, కుక్కలకు పోతుంది. పాత పద్ధతి ఊళ్లు కూడా చివరికి చేసిన మార్పు ఇదే: కరెంటుకూ తిండికీ అయ్యే డబ్బును అందరికీ సమానంగా బడ్జెట్‌లో కలిపి ఇచ్చేసి, మీటరు బిగించి, వాడినవాడే కట్టాలన్నాయి. వాడకం వెంటనే తగ్గింది. సమానత్వం ఎక్కడా పోలేదు, దాన్ని పంచే తీరు మారింది. పిల్లల్ని రాత్రుళ్లు ఉమ్మడి పిల్లల ఇంట్లో పడుకోబెట్టే ఆచారం కూడా 1990ల మొదటికే దాదాపు అన్ని ఊళ్లలో ఆగిపోయింది. తల్లులు ఒప్పుకోలేదు, అది ఆగడమే మంచిది. బాధ్యతలు రెండు మూడేళ్లకోసారి మారడం ఇంకో చిక్కు. కార్యదర్శి, ఖజానాదారు, పనులు పంచేవాడు మారితే ఎవరూ పెత్తందారు కాలేరు, కానీ ఎగుమతి ఫ్యాక్టరీకి రెండేళ్లకో మేనేజరు అయితే కొనేవాడి నమ్మకం పోతుంది. అందుకని ఊరి పాలననూ ఫ్యాక్టరీ పాలననూ విడదీశారు. ఊరికి సర్వసభ్య సమావేశం, ఫ్యాక్టరీకి వృత్తి నిపుణులున్న డైరెక్టర్ల బోర్డు.

నెటాఫిమ్ వాటా హట్జెరిమ్ ఒక్కసారిగా అమ్మేయలేదు, మెట్లు మెట్లుగా దిగింది. 2006లో బయటి పెట్టుబడి నిధి లోపలికి వచ్చింది. 2011లో పెర్మీరా అనే నిధి 61 శాతం తీసుకుంది, హట్జెరిమ్ దగ్గర 33, మగాల్ దగ్గర 6 మిగిలాయి. 2017లో మెక్సికో కంపెనీ మెక్సికెమ్, ఇప్పటి పేరు ఓర్బియా, కంపెనీ మొత్తాన్ని అప్పులతో కలిపి 189.5 కోట్ల డాలర్లుగా విలువ కట్టి 80 శాతం కొంది. మరుసటి ఏడాది మొదట్లో లావాదేవీ పూర్తయింది, 20 శాతం హట్జెరిమ్ దగ్గరే ఉంది. ఇందులో చూడాల్సింది ఒక్కటే. ఆ వాటా ఏ సభ్యుడి పేరునా లేదు. రేపు ఒకతను ఊరు వదిలితే తన భాగం ఇమ్మని కోర్టుకు పోయి కంపెనీని ముక్కలు చేయలేడు. వెళ్లేవాళ్లకు చేరినప్పటి నుంచి గడిచిన ఏళ్లను బట్టి కొంత మొత్తం ఇచ్చే నిబంధన ఉంటుంది, కానీ మూలధనంలో వాటా ఉండదు. ఊరు డబ్బునంతా ఒకే చోట పెట్టకపోవడం కూడా ముఖ్యం. 1988లో మొదలైన జొజోబా కంపెనీ కూడా హట్జెరిమ్‌దే. జొజోబా అంటే అమెరికా, మెక్సికో సరిహద్దు ఎడారి పొద, గింజలో నూనెలా కనిపించే ద్రవ మైనం ఉంటుంది, సౌందర్య సాధనాల కంపెనీలు కొంటాయి. మొక్కల్లో ఆడవీ మగవీ వేరు, గింజ ఇచ్చేది ఆడదే. విత్తనంతో పెంచితే సగం మగ మొక్కలు వచ్చి నీళ్లు దండగవుతాయి, కాబట్టి మంచి దిగుబడి ఇచ్చే ఆడ మొక్క కొమ్మల నుంచే తోట పెంచాలి, పరాగానికి కొద్ది మగ మొక్కలు చాలు.

ఇక మీ సంఘానికి ఏం పనికొస్తుంది? కిబుట్జ్ మొత్తంగా పనికిరాదు, అది మన దగ్గర ఎవరికీ అక్కర్లేదు కూడా. 1959లో నాగపూర్‌లో కాంగ్రెస్ ఉమ్మడి సహకార సేద్యాన్ని తీర్మానిస్తే, మన నిడుబ్రోలు ఆచార్య ఎన్.జి. రంగా పార్టీ వదిలి స్వతంత్ర పార్టీకి తొలి అధ్యక్షుడయ్యారు. సొంత భూమి మీద సొంత సేద్యమన్నది మన రైతుకు ప్రాణం. ఇజ్రాయెల్‌లోనే మీకు దగ్గరి నమూనా మోషావ్. మొదటిది 1921లో నహలాల్. అందులో ఎవరి పొలం వాళ్లది, ఎవరి ఇల్లు వాళ్లది, కొనుగోలు, అమ్మకం, అప్పు మాత్రం కలిసి. బీర్‌షెబాకు తూర్పున ఉన్న నెవాటిమ్ మోషావ్‌లో 1950ల నుంచి ఉంటున్నది కొచ్చి నుంచి వెళ్లిన యూదులు. మోషావ్‌లు కూడా 1985 తర్వాత దారుణంగా దెబ్బతిన్నాయి. కారణం అదే, ప్రతి సభ్యుడూ అందరి అప్పుకూ పూచీ.

హట్జెరిమ్ డ్రిప్పు మన దగ్గరికి ఎప్పుడో వచ్చింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2003లో మొదలైన సూక్ష్మ సేద్య పథకం రాయితీతో మన రైతులు లక్షల ఎకరాల్లో పైపులు పరిచారు. వస్తువు వచ్చింది, దాన్ని తయారుచేసిన సంఘం లెక్క పద్ధతి రాలేదు. అక్కడి నుంచి మీరు తీసుకోదగినవి నాకు మూడు కనిపిస్తాయి. డైరెక్టర్లు ఉచితంగా చేసే పనిని కూడా పనిదినాలుగా రాసి, సంఘం నడిపే ప్రతి వ్యాపారం దినానికి ఎంత మిగిలిస్తోందో ఏటా సర్వసభ్య సమావేశంలో చదవండి. అలా చదివితే ఏ శాఖ మూసేయాలో గొడవ లేకుండా తేలుతుంది. తర్వాత, శీతల గిడ్డంగో పప్పు మిల్లో పెడితే దాన్ని సంఘం కింద వేరే కంపెనీగా పెట్టి, సంఘం వాటా 20 శాతం కంటే తగ్గాలంటే మూడొంతుల సభ్యులు ఓటు వేయాలని నిబంధనల్లోనే రాయండి. సంఖ్య మీరు నిర్ణయించుకోండి, రాసి ఉండటం ముఖ్యం. అన్నిటికంటే పెద్దది అప్పు పూచీ. బ్యాంకు మీ సంఘానికి రుణం ఇస్తూ సభ్యులందరి వ్యక్తిగత హామీ అడుగుతుంది, పక్క మండలం సంఘానికి మీరు హామీ పడమని కూడా సమాఖ్య అడగొచ్చు. ఆ కాగితంలో హామీ పరిమితి ఎంతో అంకెలో, ఎన్నాళ్లో తేదీలో రాయించండి. ఆ రెండు ఖాళీగా ఉంచి సంతకానికి పంపితే వెనక్కి తిప్పి పంపండి.